పాత అథెర్న్ బ్లూ బాక్స్ ఎస్‌డీ40-2: గుర్తుపట్టి కొనడం, విప్పి బాగుచేయడం

సెకండ్‌హ్యాండ్‌లో దొరికే హెచ్‌ఓ స్కేలు మోడల్ రైలు డీజిల్ ఇంజన్లలో పెట్టిన డబ్బుకు న్యాయం చేసేది ఏదంటే అథెర్న్ వాళ్ల ‘బ్లూ బాక్స్’ ఎస్‌డీ40-2 అనే చెప్పాలి. ఆరు ఇరుసులు, ఆరింటికీ గేర్లు. మధ్యలో మోటారు, దానికి చెరో వైపు బరువైన ఫ్లైవీలు, కింద పోతపోసిన లోహపు ఛాసిస్. దీన్ని పూర్తిగా విప్పి మళ్లీ బిగించడానికి చిన్న స్క్రూడ్రైవరు, ఓపిక చాలు. లోపాలు కూడా ఉన్నాయి: గుర్రుమనే చప్పుడు, మురికి పట్టే చక్రాలు, నడుస్తూ నడుస్తూ టక్కున ఆగిపోవడం, మినుకుమినుకుమనే లైటు. వీటిలో ఎక్కువ భాగానికి కారణం మోటారు కాదు, పట్టాల నుంచి మోటారు దాకా కరెంటు వచ్చే దారి. అది తెలియక ముందే మోటారు మార్చేసి, ఇంకా ఆగిపోతోందని ఇంజనునే తిట్టుకునేవాళ్లు చాలామంది. పాత బ్లూ బాక్స్ మీద పెట్టే మొదటి గంట, మొదటి రూపాయి ఆ దారి మీదే పెట్టాలి.

ఇర్విన్ అథెర్న్ కాలిఫోర్నియాలో స్థాపించిన ఈ సంస్థ దశాబ్దాల పాటు ఇంజన్లను నీలం అట్టపెట్టెల్లో కిట్లుగా అమ్మింది. ఛాసిస్ నడిచే స్థితిలోనే వచ్చేది, చేతికడ్డీలు మాత్రం కొన్నవాళ్లే అమర్చుకోవాలి. 2004లో హొరైజన్ హాబీ సంస్థ దీన్ని కొనుక్కుంది, 2009లో నీలం డబ్బాలు ఆగిపోయాయి. అంటే ఇప్పుడు చేతులు మారుతున్న ప్రతి బ్లూ బాక్సూ పాత సరుకే. అసలు ఇంజను విషయానికొస్తే, జనరల్ మోటార్స్‌వారి ఈఎండీ విభాగం 1972 నుంచి తయారుచేసిన 3,000 హార్స్‌పవర్ గూడ్సు ఇంజను ఇది. మన పట్టాల మీద తిరిగే డబ్ల్యూడీజీ-4, డబ్ల్యూడీపీ-4 కూడా ఈఎండీ డిజైన్లే కాబట్టి, ఈ ఛాసిస్ మీద మన ఇంజను బాడీ కట్టాలన్న ఆలోచన సహజంగానే వస్తుంది. ఒక్క సంగతి గుర్తుంచుకోవాలి. హెచ్‌ఓ అంటే 1:87, దాని 16.5 మి.మీ. గేజి విదేశీ 1,435 మి.మీ. పట్టాలకు సరిపోతుంది. మన 1,676 మి.మీ. బ్రాడ్‌గేజి అదే స్కేలులో 19.3 మి.మీ. అవ్వాలి. పక్క నుంచి చూస్తే ఈ తేడా తెలియదు, ఎదురుగా చూస్తే చక్రాలు లోపలికి జరిగినట్టు కనిపిస్తాయి. చాలామంది దానికి సర్దుకుపోతారు, అందులో తప్పేమీ లేదు.

ముందు ఇది ఏమిటో తేల్చుకోవాలి

అమ్మేవాళ్లు పెట్టే పేరును నమ్మకూడదు. ఆరు ఇరుసుల అమెరికన్ డీజిల్ ఏది కనబడినా ఎస్‌డీ40-2 అని రాసేయడం మామూలు. పైగా డబ్బా ఒకటి, లోపలి ఇంజను మరొకటి ఉండటం కూడా మామూలే. అసలు ఎస్‌డీ40-2 పొడవు 68 అడుగుల 10 అంగుళాలు, మోడల్‌లో 24 సెంటీమీటర్లు. ముందూ వెనకా పొడవాటి ఖాళీ వసారాలు కనిపిస్తాయి, ఎందుకంటే అసలు ఇంజనులో ఛాసిస్ పొడవు ఎక్కువ, దాని మీది హుడ్, అంటే యంత్రాలను కప్పే పొడవాటి పెట్టె, పొడవు తక్కువ. వెనక రేడియేటర్ల దగ్గర హుడ్ పక్కలు పైకి విచ్చుకుని ఉంటే అది ఎస్‌డీ45. అథెర్న్ పాత మోడళ్లు ఎస్‌డీ45, ఎస్‌డీ9, జీపీ9, జీపీ35 హుడ్లు ఉండాల్సినదానికంటే వెడల్పు. అప్పటి మోటారు పట్టడానికి అచ్చునే వెడల్పు చేశారు. ఎస్‌డీ40-2 ఆ తర్వాత వచ్చింది, దాని హుడ్ సరైన వెడల్పులోనే ఉంటుంది. వేరే కంపెనీ ఇంజన్ల పక్కన నిలబెట్టినా తేడా కొట్టదు. బ్లూ బాక్స్‌లో దీన్నే ఏరి చెప్పడానికి ఇదొక ముఖ్య కారణం.

ఇప్పుడు ఇంజనును తిరగేయండి. మూడేసి ఇరుసులుండే రెండు చక్రాల చట్రాలు, అంటే ట్రక్కులు, కనిపిస్తాయి. రెండింటిలోనూ ప్రతి ఇరుసు మధ్యలో ప్లాస్టిక్ గేరు ఉంటే అథెర్న్ డ్రైవ్ అయ్యే అవకాశం గట్టిగా ఉంది. ఒక ట్రక్కులోనే గేర్లుండి, కొన్ని చక్రాలకు రబ్బరు తొడుగు ఉంటే అది చవక రైలుసెట్ల ఇంజను. మోటారు ట్రక్కులోనే ఇమిడి ఉంటుంది, బాగుచేయడానికి పెట్టే ఖర్చుకు ఫలితం దక్కదు, వదిలేయండి. అసలు గేర్లే కనబడకపోతే రెండు సంగతులు. ఒకటి, అది డమ్మీ కావచ్చు. అథెర్న్ మోటారు లేని ఇంజన్లను కూడా విడిగా అమ్మేది. రెండు ఇంజన్లు జోడించి నడిపేటప్పుడు రెండోది ఉత్తి బండి అయినా చాలని కొనేవాళ్లు. ఫొటోలో రెండూ ఒకేలా ఉంటాయి, చేతిలో పట్టుకుంటే డమ్మీ తేలిగ్గా ఉంటుంది. రెండు, పాత ఎఫ్7, జీపీ9లలో గేర్ల బదులు రబ్బరు బ్యాండ్లతో నడిచే రకం ఉంది. అది వేగంగా దూసుకుపోతుంది తప్ప నెమ్మదిగా కదలడం దానికి చేతకాదు. ఎస్‌డీ40-2లో ఆ బెడద లేదు.

చక్రాలకు చిన్న అయస్కాంతం తగిలించి చూడండి. అంటుకుంటే, పైగా చక్రం తొక్కుడు భాగం మసక బూడిద రంగులో గరుకుగా ఉంటే, అవి ఇనప పొడిని అదిమి చేసిన సింటర్డ్ చక్రాలు. వీటిని మార్చాల్సిందేనని ముందే లెక్కేసుకోండి. మెరుస్తూ, అయస్కాంతానికి అంటకుండా ఉంటే ఎవరో ఇప్పటికే నికెల్ సిల్వర్ చక్రాలు వేసి ఉంటారు. అది నిజంగా విలువైన అదనం. బాడీ విప్పిన ఫొటో దొరికితే మోటారు పక్కరేకుల రంగు చూడండి. బంగారు రంగుంటే తర్వాతి తరం మోటారు: నెమ్మది వేగంలో మెరుగ్గా నడుస్తుంది, కరెంటు తక్కువ తింటుంది.

ఆన్‌లైన్‌లో కొనేవాళ్లు మూడు ఫొటోలు అడగాలి: అడుగు భాగం, బాడీ తీసిన ఛాసిస్, రెండు చివర్ల కప్లర్లు, అంటే బండ్లను కలిపే కొక్కేలు. మూడోది ఎందుకంటే చాలా పాత కిట్లలో కప్లర్ పెట్టె మూతరేకు పోయి, జిగురుతో అతికించేసి ఉంటారు. ఆ జిగురు గీకి తీయడం గేరు మార్చడం కంటే విసుగు. చేతికడ్డీలు సన్నటి ఇనప తీగ. వంగితే సరిచేసుకోవచ్చు, తుప్పు పడితే లేదు. విశాఖ, కాకినాడ లాంటి ఊళ్లలో ఉప్పుగాలికి ఈ తీగలు, సింటర్డ్ చక్రాలు రెండూ తొందరగా తుప్పెక్కుతాయి. సిలికా జెల్ పొట్లం వేసిన మూత డబ్బాలో దాచాలి.

అమెరికాలో ఉన్నవాళ్లు రైలు ప్రదర్శనల్లో టేబుళ్ల మీద చూసి కొనొచ్చు. అప్పుడు జేబులో ఒక 9 వోల్టుల బ్యాటరీ, రెండు వైర్లు ఉంచుకోండి. ముందు ట్రక్కు ఎడమ చక్రానికి ఒక వైరు, కుడి చక్రానికి ఒక వైరు తాకించండి. తర్వాత వెనక ట్రక్కుకు అలాగే. రెండు చోట్లా మోటారు తిరిగితే బాగుంది. తిరగకపోతే బాడీ తీయనిస్తారేమో అడిగి, మోటారు పైన, కింద ఉండే రాగిరేకులకు నేరుగా తాకించండి. అక్కడ తిరిగి, చక్రాల దగ్గర తిరగకపోతే దిగులు పడక్కర్లేదు. అది కరెంటు దారి సమస్య, ఒక పూట పని. ‘నడవదు’ అని రాసిపెట్టి చవగ్గా అమ్మే బ్లూ బాక్సుల్లో చాలా వాటి జబ్బు ఇదే. బేరానికి ఇంతకంటే మంచి సరుకు ఉండదు.

ఇండియాకు పంపేవాళ్లకు ఒక గట్టి హెచ్చరిక. ఇంజనుతో పాటు వచ్చే అమెరికన్ పవర్‌ప్యాకును ఇక్కడ ప్లగ్గులో పెట్టకండి. అది 120 వోల్టుల ట్రాన్స్‌ఫార్మరు, మన 230కి కాలిపోతుంది, పట్టాల్లోకి ఎంత వోల్టేజీ వస్తుందో చెప్పలేం. ఇంజనుకు కావాల్సింది 12 వోల్టుల డీసీ మాత్రమే. ఇక్కడ ఎలక్ట్రానిక్స్ దుకాణంలో దొరికే 12 వోల్టుల అడాప్టరు, దానికి ఒక పీడబ్ల్యూఎం (కరెంటును తునకలు తునకలుగా పంపి వేగం మార్చే) స్పీడ్ కంట్రోలరు పెట్టుకుంటే పని జరుగుతుంది. అడాప్టరు కనీసం 1 ఆంపియరు ఇవ్వాలి. పాత మోటారైతే 2 ఆంపియర్లది తీసుకోండి.

కరెంటు దారి

బాడీకి స్క్రూలు లేవు. ఛాసిస్ పక్కల మీదున్న చిన్న ముక్కులకు బాడీ గోడలు తగులుకుని ఉంటాయి. గోడలను రెండు వేళ్లతో కొద్దిగా విడదీసి పైకి లాగితే వస్తుంది. గోరు దూర్చి బలంగా లాగితే ఆ అంచు చిట్లుతుంది.

లోపల కనిపించే అమరిక ఇది. ఒక పట్టా కరెంటు ఆ వైపు చక్రాల నుంచి ఇరుసు బేరింగుల ద్వారా ట్రక్కు పక్కరేకుకు, అక్కడి నుంచి ట్రక్కు పైనున్న లోహపు అడ్డపట్టీకి, దాని నుంచి మొత్తం ఛాసిస్‌కు చేరుతుంది. మోటారు కింది రాగిరేకుకు రెండు చిన్న కొమ్ములుంటాయి, అవి ఛాసిస్‌ను తాకి ఆ కరెంటు తీసుకుంటాయి. రెండో పట్టా కరెంటు మరో వైపు పక్కరేకు నుంచి నిలువుగా పైకి లేచే లోహపు నాలుకకు వస్తుంది. రెండు ట్రక్కుల నాలుకలనూ మోటారు పై రాగిరేకునూ కలుపుతూ ఇంజను పొడవునా ఒక సన్నటి ఇనప పట్టీ ఉంటుంది. ఇందులో టంకం ఎక్కడా లేదు, అన్నీ ఒకదానికొకటి ఆనుకుని ఉండటమే. ఆనుకున్న ప్రతి చోటా కాలక్రమంలో చిలుము, నూనె, దుమ్ము చేరతాయి. ఇంజను మలుపులో ఆగిపోతుందంటే ట్రక్కు తిరిగినప్పుడు ఆ నాలుక పట్టీని వదిలేస్తోందని అర్థం. లైటు మినుకుమంటే కూడా దాదాపు ఎప్పుడూ ఇదే.

కాబట్టి ఆ ఇనప పట్టీని తీసేసి వైర్లు వేయాలి. 28 లేదా 30 గేజి మెత్తటి పోగుల వైరు సరిపోతుంది. ట్రక్కును ఛాసిస్ నుంచి విడదీసి, నాలుక ఉన్న పక్కరేకును ట్రక్కు నుంచి బయటికి తీయండి. ప్లాస్టిక్ మీద ఉండగా వేడి పెడితే గేరుపెట్టె కరుగుతుంది. నాలుక కొసను ఆకురాయితో మెరిసేదాకా రుద్ది, ఫ్లక్సు రాసి, 40 వాట్ల ఐరనుతో వైరు అంటించండి. ట్రక్కు అటూ ఇటూ తిరగడానికి వీలుగా వైరులో వదులు ఉంచాలి. కానీ ఫ్లైవీలుకో, తిరిగే షాఫ్టుకో తగిలేంత వదులు ఉండకూడదు.

ఛాసిస్ వైపు చాలామంది వదిలేస్తారు. వదలకూడదు. అడ్డపట్టీ ఛాసిస్‌ను ఆనే చోట నల్లటి పొర కనిపిస్తుంది. నున్నటి ఎమెరీ కాగితంతో రుద్ది మెరిసే లోహం తేల్చండి, రెండు ముఖాలూ. ఛాసిస్ జింకు మిశ్రమం కాబట్టి దాని మీద టంకం నిలవదు. వైరు కావాలంటే 1.6 మి.మీ. డ్రిల్లుతో రంధ్రం చేసి, ఎం2 ట్యాపుతో మర తిప్పి, చిన్న స్క్రూ కింద వైరు కొస బిగించాలి. ట్యాపు తిప్పేటప్పుడు ఒక చుక్క నూనె వేసి, సగం చుట్టు ముందుకు, పావు చుట్టు వెనక్కి తిప్పండి. జింకు పొడి ఇరుక్కుంటే ట్యాపు లోపలే విరుగుతుంది. డ్రిల్లు పని అంతా మోటారు, ట్రక్కులు తీసేశాకే, ఎందుకంటే ఆ పొడి మోటారు అయస్కాంతాల మధ్య దూరితే వదలదు.

ఇంతవరకు చేసి డీసీ మీద నడిపి చూడండి. చాలా ఇంజన్లు ఇక్కడే సగం బాగుపడతాయి.

మోటారు, గేర్లు

మోటారు ఛాసిస్ రంధ్రాల్లోకి నొక్కిన మెత్తటి దిమ్మెల మీద కూర్చుంటుంది. కింది వైపు నుంచి ఒక్కో దిమ్మె ముక్కును మొద్దు కొస సాధనంతో పైకి నొక్కితే ఊడుతుంది. దిమ్మెలు ఎండి గట్టిపడితే మోటారు కంపనం నేరుగా ఛాసిస్‌కు పాకుతుంది, ఆ గుర్రు చప్పుడులో ఒక వంతు అదే.

రాగిరేకు తీసేటప్పుడు జాగ్రత్త. దాని కింద స్ప్రింగు, దాని కింద కార్బన్ బ్రష్షు ఉంటాయి. రేకు కదలగానే స్ప్రింగు ఎగిరి గదిలో ఎక్కడో పడుతుంది, వెతికినా దొరకదు. మోటారును పెద్ద పారదర్శక ప్లాస్టిక్ సంచిలో పెట్టి, చేతులు కూడా లోపల పెట్టి తీయండి. బ్రష్షులు ఆనే రాగి ముక్కల గుండ్రటి భాగమైన కమ్యుటేటరును ఐసోప్రొపైల్ ఆల్కహాలులో తడిపిన దూదిపుల్లతో నల్లదనం పోయేదాకా తుడవాలి, ముక్కల మధ్య సందులను చెక్క పంటిపుల్లతో గీకాలి. ఎమెరీ కాగితం ఇక్కడ వాడొద్దు, గీతలు పడి బ్రష్షులు అరిగిపోతాయి. రెండు బేరింగులకూ ఒక్కో చుక్క నూనె, అదీ సూది మొనతో. కుట్టుమిషను నూనె దీనికి సరిపోతుంది. ఎక్కువ పోస్తే అది కమ్యుటేటరు మీదికి పాకి, బ్రష్షు పొడితో కలిసి నల్లటి ముద్దై ముక్కలను షార్టు చేస్తుంది. అప్పుడు మోటారు వేడెక్కుతుంది, వేగం తగ్గుతుంది.

ట్రక్కుల సంగతికి వస్తే, గేరుపెట్టె పైమూత తీస్తే వార్ము (స్క్రూ మరలాంటి గేరు), దాని రెండు చివర్లా చదరపు బేరింగులు, సన్నటి వాషర్లు కనిపిస్తాయి. పాత గ్రీజు జిగురులా గట్టిపడి ఉంటుంది. ప్లాస్టిక్ భాగాలను గోరువెచ్చని సబ్బునీటిలో పాత పళ్లబ్రష్షుతో కడిగి, పూర్తిగా ఆరనిచ్చి, ప్లాస్టిక్‌కు హాని చేయని పలచటి గ్రీజు కొద్దిగా పెట్టండి. లాబెల్ 106 ఈ పనికి పేరున్నది. డబ్ల్యూడీ-40 కొట్టకండి, అది ఎండిపోయి మళ్లీ జిగురే మిగులుతుంది. వార్మును వేళ్లతో ముందుకీ వెనక్కీ కదిపి చూడండి. ఎక్కువగా కదులుతుంటే దిశ మార్చిన ప్రతిసారీ ఇంజను కుదుపుతుంది, వాలులో దిగేటప్పుడు గుర్రుమంటుంది. ఒక పలచటి వాషరు వేసి ఆ కదలికను పావు మిల్లీమీటరు దగ్గరికి తేవాలి. పూర్తిగా పోగొట్టకూడదు, బిగుసుకుని మోటారు మీద భారం పడుతుంది.

గేర్లలో పళ్లపొడి వేసి నడిపి నున్నచేసే పద్ధతి ఒకటి ప్రచారంలో ఉంది. గేర్ల మీద పోత మిగులు కనిపిస్తే తప్ప దాని జోలికి వెళ్లొద్దు. రాపిడి పొడి బేరింగుల్లో మిగిలిపోతే మేలు కంటే కీడే ఎక్కువ.

చక్రం ఒక్కసారి తిరిగినప్పుడల్లా ‘టిక్’ మని ఒక తడబాటు వినిపిస్తే ఇరుసు గేరు చిట్లిందని అర్థం. ఇక్కడి ఇరుసు ఒకే కడ్డీ కాదు, రెండు చక్రాల అరకడ్డీలను మధ్యలో ప్లాస్టిక్ గేరులోకి బిగించి నొక్కారు. ఏళ్ల తరబడి ఆ బిగింపుకు ప్లాస్టిక్ అలసిపోయి, రెండు పళ్ల మధ్య లోయలో వెంట్రుకంత చీలిక వస్తుంది. ఆ లోయ కాస్త వెడల్పవడంతో పక్క గేరు పన్ను అక్కడ తడబడుతుంది. భూతద్దంతో, గేరు పక్క ముఖం మీద వెలుతురు పడేలా చూస్తే కనిపిస్తుంది. జిగురు పనిచేయదు, ఆ ప్లాస్టిక్‌కు ఏ జిగురూ పట్టదు. గేరు మార్చడమే దారి. అథెర్న్ విడిగా అమ్మే ఈ గేరుకు ఎంత పేరంటే, చీలికలకు ఇంకా ఎక్కువగా పేరుపడ్డ లైఫ్‌లైక్ ప్రోటో 2000 ఇంజన్లను బాగుచేయడానికి కూడా జనం దీన్నే వాడతారు.

చక్రాలు మార్చాలనుకున్నవాళ్లు గేరుతో పాటే ఆ పని ముగించండి, ఎలాగూ ఇరుసులు బయటికి వస్తాయి. నార్త్‌వెస్ట్ షార్ట్ లైన్ నికెల్ సిల్వర్ చక్రాలు ఈ ఇంజనుకు తెలిసిన జోడీ. ఎస్‌డీ40-2కి 40 అంగుళాల చక్రాల సైజు అడగాలి, పన్నెండు చక్రాలు కావాలి. సింటర్డ్ ఇనుము గరుకు కాబట్టి పట్టు కొద్దిగా ఎక్కువే ఇస్తుంది. కానీ ఆ గరుకులోనే మురికి కూరుకుని, పట్టాకూ చక్రానికీ మధ్య చిన్న మెరుపులు పుట్టి, ఇంకా నల్లబడుతుంది. చక్రాలు నొక్కాక రెండు చక్రాల లోపలి ముఖాల మధ్య దూరం 14.4 మి.మీ. దగ్గర ఉందో లేదో డిజిటల్ క్యాలిపరుతో చూడండి. ఎన్‌ఎంఆర్‌ఏ (అమెరికా మోడల్ రైలు అభిరుచిదారుల సంఘం) గేజి రేకు ఉంటే మరీ మంచిది. గేరు సరిగ్గా మధ్యలో ఉండాలి, ఒక పక్కకు జరిగితే ట్రక్కు పెట్టెకు రాసుకుంటుంది.

అన్నీ బిగించాక 12 వోల్టుల దగ్గర, పెట్టెలేవీ తగిలించకుండా, మల్టీమీటరు వరుసలో పెట్టి కరెంటు చూడండి. 0.3 ఆంపియరు లోపుంటే బాగుంది. 0.5 దాటితే ఎక్కడో పట్టేస్తోంది. ట్రక్కుల షాఫ్టులు తీసి మోటారును ఒంటరిగా నడిపితే తప్పు మోటారుదో, ట్రక్కుదో తేలిపోతుంది.

డీసీసీ పెట్టాలంటే

డీసీసీ అంటే పట్టాల గుండా డిజిటల్ సంకేతాలు పంపి ఒక్కో ఇంజనును విడిగా నడిపే పద్ధతి, ఆ సంకేతాలను అందుకునే చిన్న సర్క్యూటు డీకోడరు. పాత బ్లూ బాక్సులో డీకోడరు కాల్చుకున్నవాళ్లందరిదీ ఒకే కథ: మోటారు ఇంకా ఛాసిస్‌ను తాకుతూనే ఉంది. డీకోడరు నుంచి మోటారుకు వెళ్లే రెండు వైర్లలో ఏదీ పట్టాలతో కలవకూడదు. కింది రాగిరేకు కొమ్ములు ఛాసిస్‌ను తాకుతాయని పైన చెప్పాం కదా, ఆ కొమ్ములను కోసేయాలి, లేదా చదునుగా లోపలికి మడవాలి. మోటారు కింద ఛాసిస్ మీద కాప్టన్ టేపు రెండు పొరలు అంటించండి. మామూలు నల్ల టేపు వేడికి, నూనెకు జారిపోతుంది. మోటారు బిగించాక మల్టీమీటరును ఓమ్స్‌లో పెట్టి, రెండు రాగిరేకుల నుంచీ ఛాసిస్‌కు, అన్ని చక్రాలకూ తాకించి చూడండి. ఎక్కడా కనెక్షను చూపకూడదు. ఫ్లైవీలును చేత్తో తిప్పుతూ కూడా చూడాలి.

వైర్ల రంగులకు ఎన్‌ఎంఆర్‌ఏ ప్రమాణం ఉంది. ఎరుపు కుడి పట్టా, నలుపు ఎడమ పట్టా, నారింజ, బూడిద రంగులు మోటారుకు, తెలుపు ముందు లైటు, పసుపు వెనక లైటు, నీలం లైట్లకు ఉమ్మడి ప్లస్. మీ ఇంజనులో ఛాసిస్ ఏ పట్టా వైపు ఉందో మీటరుతో తేల్చుకుని ఎరుపు, నలుపు కలపండి. ఇంతకుముందు ఎవరైనా ట్రక్కులను తిప్పి బిగించి ఉంటే ఊహ తప్పుతుంది. నారింజ మోటారు పైరేకుకు, బూడిద కిందిరేకుకు వేసి చూడండి, ముందుకు అన్నప్పుడు వెనక్కి పోతే ఆ రెంటినీ తారుమారు చేస్తే చాలు. డీకోడరు కొనే ముందు మోటారు స్టాల్ కరెంటు, అంటే తిరగకుండా ఆగినప్పుడు లాగే కరెంటు, కొలవాలి: 12 వోల్టులు ఇచ్చి, ఫ్లైవీలును వేళ్లతో ఒక్క క్షణం గట్టిగా ఆపి అంకె చూడండి. డీకోడరు గరిష్ఠ సామర్థ్యం దానికంటే ఎక్కువ ఉండాలి. బంగారు మోటార్లకు 1 ఆంపియరు రకం సాధారణంగా సరిపోతుంది.

లైటు దగ్గర ఇంకో ఉచ్చు ఉంది. అసలు బల్బు ఛాసిస్‌కే ఒక కాలు ఆనించుకుని ఉంటుంది. దాన్ని అలాగే ఉంచి డీకోడరు వైరు కలిపితే కరెంటు ఛాసిస్ ద్వారా తప్పుదారి పట్టి డీకోడరు లైటు భాగం పోతుంది. బల్బు తీసేసి 3 మి.మీ. వార్మ్‌వైట్ ఎల్‌ఈడీ పెట్టండి. పొడుగు కాలు నీలానికి, పొట్టి కాలు 1,000 ఓముల రెసిస్టరు ద్వారా తెలుపుకు. దాదాపు 10 మిల్లీఆంపియర్లు వెళ్తాయి, వెలుతురు ధారాళం. క్యాబు లోపలంతా వెలుగు చిందకుండా ఎల్‌ఈడీ వెనక నల్లరంగు పూయాలి. మొదటిసారి కరెంటు ఇచ్చేటప్పుడు ప్రోగ్రామింగ్ పట్టా (డీకోడరు అమరికలు చదవడానికి, మార్చడానికి వాడే విడి పట్టా) మీదే ఇవ్వండి. డీకోడరు అమరికల్లో మొదటిదైన సీవీ1లో అడ్రసు 3 చదవగలిగితే వైరింగు ప్రాణాలతో ఉన్నట్టే. చదవలేకపోతే ప్రధాన పట్టా మీద పెట్టకుండా మీటరు మళ్లీ తీయండి.

కప్లర్లకు కేడీ నంబర్ 5, లేదా మీసాల్లాంటి స్ప్రింగున్న 148 సరిగ్గా పడతాయి. కింద వేలాడే తీగ పట్టా పైభాగానికి 0.8 మి.మీ. ఎత్తులో ఉండాలి, లేకుంటే పాయింట్ల (పట్టాలు దారి మార్చే చోట్ల) దగ్గర తగులుకుంటుంది. ఛాసిస్‌లో కరెంటు ఉంటుంది, కప్లరూ లోహమే. రెండు బ్లూ బాక్సులను వెన్ను వెన్ను కలిపి తగిలిస్తే ఒకదాని ఛాసిస్ ఒక పట్టా, రెండోదానిది మరో పట్టా అవుతుంది, కప్లర్ల గుండా షార్టు కొడుతుంది. ఇంజన్లను జంటగా నడిపేవాళ్లు కనీసం ఒకదానికి ప్లాస్టిక్ కప్లరు పెట్టాలి.

ఎవరికి పనికొస్తుంది, ఎవరికి రాదు? డీసీ మీద నడిపేవాళ్లకు, టంకం నేర్చుకోవాలనుకునే పిల్లలకు, సొంతంగా బాడీ కట్టుకునేవాళ్లకు ఇంతకంటే మంచి ఛాసిస్ దొరకదు. మలుపులు మాత్రం 22 అంగుళాల రేడియస్‌కు తగ్గకుండా చూసుకోవాలి. 18లో నడుస్తుంది కానీ పొడవాటి పెట్టెలను పక్కకు లాగేస్తుంది. శబ్దంతో కూడిన డీసీసీ, సన్నటి చేతికడ్డీలు, నిశ్శబ్దపు మోటారు అన్నీ కావాలంటే మాత్రం దీని మీద ఖర్చు పెట్టొద్దు. డీకోడరు ఒక్కటే చాలాసార్లు పాత ఇంజను ధరంత ఉంటుంది. దానికి చక్రాలు, గేర్లు, కప్లర్లు కలిపితే, అదే అథెర్న్ తర్వాత తెచ్చిన రెడీ-టు-రోల్ (పూర్తిగా బిగించి అమ్మే) రకం సెకండ్‌హ్యాండ్‌లో దొరికే ధరకు దగ్గరకొచ్చేస్తుంది. ఇండియాకు తెప్పిస్తే షిప్పింగు, కస్టమ్స్ ఇంజను ధరను మించడం కూడా జరుగుతుంది. ఒక్క ఇంజను కోసం పార్సిల్ పెట్టించకుండా గేర్లు, చక్రాలు, కప్లర్లు, డీకోడరు అన్నీ కలిపి ఒకేసారి తెప్పించుకోండి. అమెరికా నుంచి వచ్చే చుట్టాలుంటే ఆ చిన్న పొట్లాన్ని సూట్‌కేసులో పెట్టమని అడగండి, పవర్‌ప్యాకును మాత్రం అక్కడే వదిలేయమనండి.